పిడివైపు పళ్ళు

2 ఫిబ్రవరి 2006, గురువారం

శనివారం స్క్రాప్ లారీ వస్తుందని ముదీర్, అదే మా మేనేజర్, కబురు పంపాడు. స్టోర్ వెనక ఉన్న ఇనుప తొట్టిలో పనికొచ్చేవి ఏరి, మిగతావి లారీకి వేయాలి. ఒంటి గంట నుంచి నాలుగు వరకు ఏరాను.

పనికొచ్చినవి: క్లాంపులు నాలుగు. ఉలి ఒకటి, పిడి లేదు. డ్రిల్ చార్జర్ ఒకటి.

అడుగున ఒక చేతి రంపం. తుప్పు పొరలు పొరలుగా లేస్తోంది. ముట్టుకుంటే వేళ్ళకు ఎర్రటి పొడి అంటింది. పిడి మీద జిగురు, పెయింటు, మడ్డి. బొటనవేలితో రుద్దితే పిడి పక్కన మూడు గాట్లు బయటపడ్డాయి. అవి ఎవరివో నాకు తెలుసు. మా కార్పెంటర్ అమీర్ జాన్ తన సామానంతటికీ మూడు గాట్లు పెట్టుకుంటాడు. అతనికి చదువు రాదు. అదే అతని సంతకం.

రంపం మీద ఇంకో వస్తువు ఉంది. టేబుల్ రంపం మెషీన్ గార్డు. బ్లేడు మీద మూతలా ఉండేది. బోల్టు దగ్గర విరిగింది. దాని మీద తెల్ల మార్కర్‌తో తేదీ ఉంది, నా చేతిరాత. స్టోర్‌కి ఏది వచ్చినా దాని మీద తేదీ వేయడం నా అలవాటు.

అది లారీకి వేయాల్సిన వస్తువు. వేయలేదు. పెయింటు డబ్బాల వెనక పెట్టాను.

రంపాన్ని గోనెగుడ్డలో చుట్టి లేబర్ క్యాంపుకి తెచ్చుకున్నాను. రిజిస్టర్‌లో నా పేరున రాశాను: చేతి రంపం 1, తుప్పు పట్టినది.

3 ఫిబ్రవరి, శుక్రవారం, ఉదయం

సెలవు. స్టోర్ నుంచి థిన్నర్ అర లీటరు, నీళ్ళలో వాడే గరుకు కాగితం ఆరు షీట్లు తెచ్చాను. అవి కూడా నా పేరునే రాశాను.

రూమ్ బయట పాత ట్రేలో రంపాన్ని పడుకోబెట్టి థిన్నర్ పోశాను. టూత్‌బ్రష్‌తో రుద్దుతుంటే వాసు వచ్చాడు. రాజోలు కుర్రాడు, కంపెనీ బస్సు నడుపుతాడు, నా పై మంచం వాడిదే. రంపానికి పళ్ళు తోంతన్నావేంటి బాబాయ్, నీ పళ్ళకి బ్రష్షు లేదని మొన్న నాది అడిగావు కదా అన్నాడు. రుద్దుతూనే ఉన్నాను. ఆయ్, ఈయన నోరు తెరిపించాలంటే దీంతోనే కొయ్యాలండీ అని పక్క రూమ్ వాళ్ళకి కేకేసి చెప్పాడు. అందరూ నవ్వారు.

నేను తక్కువ మాట్లాడతాను. చిన్నప్పటి నుంచీ అంతే. ఏడో తరగతితో బడి ఆగిపోయింది. మండపేట రైసు మిల్లు గోడౌన్‌లో సంచుల లెక్క రాస్తూ, సంచుల మీద అచ్చు చూసి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నాను. గల్ఫ్‌లో ఈ ముసఫ్ఫాకి వచ్చి ఆరేళ్ళు. ఆరేళ్ళూ స్టోరే. ఎవరు ఏం తీసుకెళ్ళారు, ఏం తెచ్చారు. ఆ లెక్క రాసేవాడికి మాటలతో పని లేదు.

4 ఫిబ్రవరి, శనివారం

లారీ వచ్చి వెళ్ళింది. గార్డు డబ్బాల వెనకే ఉంది.

7 ఫిబ్రవరి, మంగళవారం

ఈ నోట్‌బుక్ ఎవరూ చదవరు. రాస్తాను.

పోయిన నవంబర్ 26న అమీర్ జాన్ ఆ గార్డు పట్టుకుని స్టోర్‌కి వచ్చాడు. విరిగిపోయింది మున్షీ, కొత్తది తెప్పించు అన్నాడు. రాస్తూ ఉంటానని నన్ను మున్షీ అంటాడు. పుచ్చుకున్నాను, తేదీ వేశాను, రిజిస్టర్‌లో రాశాను: గార్డు 1, విరిగినది. సూపర్‌వైజర్ మహీధర్ గారికి చెప్పాను. ఆర్డర్ పెడదాం, ఈలోగా ఎలాగో మేనేజ్ చేసుకోమను అన్నారు.

మెషీన్ స్విచ్ తాళం స్టోర్‌లో నా మేకుకి వేలాడుతుంది. రోజూ పొద్దున నేనే ఇస్తాను. శుక్రవారాలు, జాతీయ దినం సెలవు పోను పన్నెండు ఉదయాలు ఆ తాళం అమీర్ జాన్ చేతిలో పెట్టాను. గార్డు లేదని అతనికి తెలుసు. నాకు తెలుసు. రోజూ సలాం చెప్పుకున్నాం.

పన్నెండో రోజు, డిసెంబర్ 11, ఆదివారం, పదిన్నరకి, కోస్తున్న చెక్క పలక ఎగిరి అతని చెయ్యి బ్లేడు మీదకి జారింది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు పోయాయి.

నాలుగు రోజుల తర్వాత మహీధర్ గారు కొత్త రిజిస్టర్ తెచ్చారు. పాతది నూనె పడి పాడైంది సత్యం, ఫెయిర్ కాపీ రాయి, నీ హ్యాండ్‌రైటింగ్ ముత్యాల్లా ఉంటుంది అన్నారు. పాతది ఎక్కడా పాడవలేదు. ఒక లైను పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క ఉంది. ఆయన నోటితో ఏమీ చెప్పలేదు. నేను అడగలేదు. నూట నలభై ఒక్క లైన్లున్న చోట నూట నలభై రాశాను.

పాత పుస్తకం ఆయన తీసుకెళ్ళారు.

అమీర్ జాన్ గార్డు తనే విప్పేశాడని కంపెనీ రిపోర్టు. నా కొత్త పుస్తకం దానికి సాక్షి.

10 ఫిబ్రవరి, శుక్రవారం

థిన్నర్‌తో మడ్డి పోయింది. తుప్పు పోలేదు. మా అమ్మ కత్తిపీటకి చింతపండు పట్టించేది. మెస్‌లో చారుకి నానబెట్టిన చింతపండు పిప్పి అడిగి తెచ్చి రంపం రేకంతా పట్టించి మూడు గంటలు ఎండలో ఉంచాను. కడిగితే తుప్పు కదిలింది గానీ రేకు నల్లబడింది. మళ్ళీ గరుకు కాగితం. చెక్కముక్కకి చుట్టి, ఒకే దిక్కుగా, పొడుగునా. మూడు షీట్లు అయిపోయాయి. నీళ్ళు కాఫీ రంగులో పోయాయి.

సాయంత్రానికి ఒకచోట అరచెయ్యంత మేర ఇనుము కనబడింది. తళతళలాడటం లేదు. బూడిద రంగు. గుంటలు పడ్డచోట నలుపు అలాగే ఉంది. అది పోదు. పోవాలంటే రేకే పోవాలి.

ఎందుకు చేస్తున్నావని వాసు అడిగాడు. పాడవుతోందని అన్నాను. క్యాంపులో పాడవనిదేదో ఒకటి చెప్పు బాబాయ్ అన్నాడు.

13 ఫిబ్రవరి, సోమవారం

అమీర్ జాన్‌ని ఆస్పత్రి నుంచి పంపేశాక రంపపు పొట్టు ఊడ్చే పనిలో పెట్టారు. చీపురు చంకలో ఇరికించుకుని ఎడమ చేత్తో ఊడుస్తాడు. ముప్పై ఏళ్ళుగా ఉస్తాద్, అంటే మేస్త్రి. ఈ ఊళ్ళో మసీదు తలుపులు చేశాడు.

ఇవాళ టీ టైమ్‌లో స్టోర్ కిటికీ దగ్గరికి వచ్చి, చొక్కా లోపల నుంచి మడతపెట్టిన కాగితం తీశాడు. ఆస్పత్రిలో మత్తులో ఉన్నప్పుడు ఎడమ బొటనవేలు వేయించుకున్న కాగితమట. కాపీ ఇమ్మని గొడవ చేస్తే ఇన్నాళ్ళకి ఇచ్చారట. అంగ్రేజీలో ఉంది, చదివి చెప్పు మున్షీ, నా వేలు దేని మీద వేశానో నాకు తెలియాలి కదా అన్నాడు.

కళ్ళజోడు క్యాంపులో మర్చిపోయాను, రేపు చెబుతాను అన్నాను. కాగితం నా దగ్గరే ఉంచుకోమన్నాడు. నీ దగ్గరైతే పోదు అన్నాడు.

14 ఫిబ్రవరి, మంగళవారం

కళ్ళజోడు జేబులోనే ఉంది.

17 ఫిబ్రవరి, శుక్రవారం

ఇవాళ పిడి విప్పాను. మూడు ఇత్తడి బోల్టులు. రెండు తేలిగ్గా వచ్చాయి, మూడోదానికి నూనె పోసి గంటసేపు ఆగాను. బోల్టులని బూడిదతో తోమితే బంగారంలా అయ్యాయి.

పిడి మీద జిగురు గీకేశాను. లోపల ఎర్రటి చేవ. మొదట నునుపు చేద్దామని గరుకు కాగితం పెట్టాను. తర్వాత ఆగిపోయాను. పిడికి ఒకపక్క చూపుడువేలు ఆనేచోట, పైన బొటనవేలు చుట్టుకునేచోట, చెక్క అరిగి రెండు గుంటలు పడ్డాయి. ముప్పై ఏళ్ళు ఒకే చెయ్యి పట్టుకుంటే అలా అవుతుంది. నా వేళ్ళు పెట్టి చూశాను. నావి పొట్టివి. సరిపోలేదు.

ఆ రెండు చోట్లా కాగితం తగలనివ్వలేదు. నూనె మాత్రం పట్టించాను.

అమీర్ జాన్ కాగితం సంగతి అడగలేదు. నాలుగు రోజులైంది. కనబడినప్పుడల్లా నా జేబు వైపు చూస్తాడు, సలాం చెప్పి వెళ్ళిపోతాడు.

19 ఫిబ్రవరి, ఆదివారం

మహీధర్ గారు స్టోర్‌కి వచ్చి తలుపు దగ్గరికి వేశారు. మార్చి 9న లేబర్ ఆఫీసులో హియరింగ్. అమీర్ జాన్ ఊరుకోవడం లేదట, రిపోర్టు తప్పని పిటిషన్ పెట్టించాడట. కంపెనీ తరఫున ఆయన, సాక్షిగా నేను, రిజిస్టర్‌తో. జస్ట్ ఫార్మాలిటీ సత్యం, పుస్తకం చూపించు, అడిగినదానికి ఎస్ అను, ఖలాస్ అన్నారు.

తర్వాత కాసేపు వెళ్ళకుండా కూర్చున్నారు. మా ఆవిడ సుభద్ర నిద్రపోవడం లేదు, పిల్ల స్నిగ్ధ ఈ ఏడు పదో తరగతి, నా మీదకి వస్తే నన్ను లోపలేస్తారయ్యా అన్నారు. నీ వీసా నేనే తెచ్చాను, ఆ సంగతి నేనెప్పుడైనా ఎత్తానా అన్నారు. ఎత్తలేదు. నిజమే. మా అమ్మ పోయినప్పుడు టికెట్ తెప్పించి రాత్రికి రాత్రి విమానం ఎక్కించినది ఈయనే.

ఆయన కూడా చెడ్డవాడు కాదు. అదే ఇబ్బంది.

పిటిషన్ నెగ్గకపోతే అమీర్ జాన్‌ని ఏం చేస్తారని అడగాలనుకున్నాను. అడగకుండానే ఆయనే చెప్పారు. అజాగ్రత్త కేసు కింద వీసా క్యాన్సిల్, బ్యాన్, ఊరికి.

24 ఫిబ్రవరి, శుక్రవారం

రేకు అయింది. ఇక పళ్ళు.

స్టోర్‌లో పనిముట్ల కంపెనీ వాళ్ళిచ్చిన ఇంగ్లీషు పుస్తకం ఉంది. రంపం పళ్ళకి సాన ఎలా పట్టాలో బొమ్మలతో ఉంటుంది. దాన్ని రెండు రాత్రులు చదివాను. పళ్ళ మొనలు పిడికి అవతలి వైపు, కొస వైపు, వాలి ఉండాలి. ముందుకి తోస్తే కోస్తుంది. స్టోర్‌లో ఉన్న పదకొండు రంపాలూ తీసి చూశాను. అన్నీ అలాగే ఉన్నాయి.

దీని పళ్ళు వెనక్కి, పిడివైపుకి వాలి ఉన్నాయి. ఎవరో తెలియనివాడు ఆకురాయితో తిరగేసి రాసినట్టున్నాడు. పాపం అమీర్ జాన్ ఇన్నాళ్ళూ దీంతోనే అవస్థ పడ్డాడు కాబోలు. సరిచేసి ఇస్తే సంతోషిస్తాడు.

లెక్క పెట్టాను. నూట డెబ్బై ఆరు పళ్ళు. మూడు మూలల ఆకురాయితో ఇవాళ డెబ్బై చేశాను. ఒక్కో పన్నుకి పాత వాలు పోయేదాకా రాయాలి. వేళ్ళు బొబ్బలెక్కాయి. ఆ నొప్పి నాకు బాగానే ఉంది.

28 ఫిబ్రవరి, మంగళవారం

కాగితం చదివాను. నాకోసం. "గార్డును నేనే నా ఇష్టప్రకారం తొలగించాను" అని ఉంది. కింద వేలిముద్ర.

3 మార్చి, శుక్రవారం

అయిపోయింది. నూట డెబ్బై ఆరూ ముందుకి వాలాయి. ఒకటి విడిచి ఒకటి చెరో పక్కకి కాస్త వంచాను. పిడి బిగించాను. నూనె గుడ్డతో తుడిచాను.

పెట్టె మీద పలక పెట్టి, నిలబడి, తోశాను. కోసింది. గీత మీద తిన్నగా దిగింది. ఆరేళ్ళలో నా చేత్తో నేను చేసిన వస్తువు ఇదొక్కటే. వాసు కూడా జోకు వెయ్యలేదు. వేలితో రేకు తడిమి, కొత్తదాని కన్నా బాగుంది బాబాయ్ అన్నాడు.

రేపు ఇస్తాను. ఇచ్చాక కాగితం చదువుతాను. చేతిలో ఏదో ఒకటి ఉంటే చెప్పడం తేలిక.

4 మార్చి, శనివారం

జరిగింది జరిగినట్టు రాయాలి.

సాయంత్రం ఏడింటికి అమీర్ జాన్ రూమ్‌కి వెళ్ళాను. మా రూమ్‌కి రెండు గదుల అవతల. గుడ్డ విప్పి రంపం అతని ముందు పెట్టాను. చాలాసేపు ముట్టుకోలేదు. తర్వాత మూడు గాట్ల మీద ఎడమ చేతి వేలు పెట్టాడు. ఇది పోయింది కదా యార్, మెషీన్ వచ్చినప్పుడు నా రంపాలన్నీ పారేశారు కదా అన్నాడు. రూమ్‌లో ఉన్నవాళ్ళని పిలిచి చూపించాడు. మా మున్షీ చేశాడు, మాట్లాడడు గానీ చూడండి ఏం చేశాడో అన్నాడు. టీ తెప్పించాడు.

మంచం కింద నుంచి పలక ముక్క లాగి నేల మీద పెట్టాడు. నేల మీద కూర్చున్నాడు. ఎడమ పాదం పలక మీద ఆనించి నొక్కాడు. కుడిచేతికి మిగిలిన మూడు వేళ్ళు పిడి కంతలోకి కొక్కెంలా దూర్చాడు. బొటనవేలు లేని చోట ఏదీ తగలనివ్వకుండా. రంపాన్ని తనవైపుకి లాగాడు.

కోయలేదు. పలక మీద జారిపోయింది.

మళ్ళీ లాగాడు. మళ్ళీ జారింది. మూడోసారి లాగలేదు. ఎడమ చేతి బొటనవేలితో పళ్ళని కొస నుంచి పిడి దాకా తడిమాడు. నిదానంగా. అప్పుడు అర్థమైంది అతనికి. నాకు ఇంకా కాలేదు.

దీని ముఖం తిప్పేశావు మున్షీ అన్నాడు.

మా దేశంలో ఉస్తాద్‌లు కింద కూర్చుని లాగి కోస్తారు, నిలబడి తోయరు అన్నాడు. ఈ రంపం కొన్న రోజే మా ఉస్తాద్ దీని పళ్ళు నావైపుకి తిప్పి ఇచ్చాడు. ఈ చెయ్యి తోయలేదు. తోస్తే ఇదిగో ఇక్కడ ప్రాణం పోతుంది. లాగగలదు. మూడు వేళ్ళు చాలు లాగడానికి. నెల రోజులుగా తలుపు గడియ పట్టుకుని లాగుతూ బలం తెచ్చుకుంటున్నాను. ఇలా చెప్పుకుంటూ పోయాడు. గొంతు పెంచలేదు.

పుస్తకంలో అలా ఉంది అన్నాను.

రెండు గదుల అవతల ఉన్నాను కదా, ఒక్క మాట అడిగి ఉండాల్సింది అన్నాడు.

టీ అలాగే ఉండిపోయింది. కాగితం జేబులోనే ఉండిపోయింది.

5 మార్చి, ఆదివారం

మా ఊళ్ళో వడ్రంగి వీరాచారి వేపచెట్టు నీడలో కింద కూర్చుని, కాలివేళ్ళతో చెక్క నొక్కి పట్టి, రంపం తనవైపుకి లాగేవాడు. బడి ఎగ్గొట్టి వందసార్లు చూశాను. పొట్టు అతని ఒళ్ళో పడేది. అదంతా కళ్ళతో చూసినవాణ్ణి నేను. రంపం చేతిలో ఉన్న నెల రోజుల్లో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. కాగితం మీద బొమ్మ గుర్తుంది.

గార్డు విషయమూ అంతే. కళ్ళతో చూశాను. చేత్తో పుచ్చుకున్నాను. కాగితం మీద లేదు కాబట్టి లేదన్నాను.

6 మార్చి, సోమవారం

డ్యూటీ దిగగానే ఆకురాయి పట్టుకుని అమీర్ జాన్ రూమ్‌కి వెళ్ళాను. పళ్ళు మళ్ళీ తిప్పుతాను, ఎలాగో చెప్పండి అన్నాను. నా మొహం చూసి జరిగి చోటిచ్చాడు.

రెండు చెక్కల మధ్య రేకు బిగించాం. అతను ఎడమ చేత్తో పట్టుకున్నాడు, నేను రాశాను. తప్పు చేసినప్పుడల్లా నాలుకతో చప్పుడు చేశాడు. అంత గట్టిగా కాదు, గొర్రెని కోయడం లేదు నువ్వు అన్నాడు. ఆకురాయి వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తు, ఈడ్చకు అన్నాడు. ఇవన్నీ పుస్తకంలో కూడా ఉన్నాయి. చెయ్యి పక్కన చెయ్యి ఉంటే తప్ప తలకెక్కలేదు.

మళ్ళీ రాస్తే రేకు వెడల్పు తగ్గుతుందని చెప్పాడు. పావు అంగుళం పోతుంది, పోనీ, ఇంకా చాలా ఉంది అన్నాడు.

ఇరవయ్యో పన్ను దగ్గర ఆగి, కాగితం తీసి చదివాను. ఇంగ్లీషు ఒక ముక్క, హిందీలో దాని అర్థం. గార్డును నేనే నా ఇష్టప్రకారం తొలగించాను, అన్నది కూడా. అతను వింటూ రేకు వదలలేదు. మూడు వేళ్ళ చెయ్యి మాత్రం ఒళ్ళోకి తీసుకున్నాడు.

నేను నీ చేతికి తెచ్చిచ్చాను కదా గార్డు అన్నాడు. నువ్వు రాసుకున్నావు కదా.

రాసుకున్నాను. తర్వాత కొత్త పుస్తకంలో ఆ లైను వదిలేశాను. రాసింది నేనే అన్నాను. తాళం సంగతి కూడా చెప్పాను, పన్నెండు ఉదయాలనీ.

పక్క మంచం మీద ఎవరో రేడియో పెట్టారు, మళ్ళీ కట్టేశారు. లేచి వెళ్ళిపొమ్మంటాడని కూర్చున్నాను.

ఆ పన్ను వదిలేశావు, అది రాయి, అన్నాడు.

రాశాను. నలభై నాలుగు పళ్ళు అయ్యాయి.

8 మార్చి, బుధవారం

ఎనభై ఎనిమిది. సరిగ్గా సగం. సగం పళ్ళు ముందుకి, సగం వెనక్కి. ఈ రంపం ఇప్పుడు ఎటూ కోయదు.

రేపు హియరింగ్. మహీధర్ గారు తెల్లచొక్కా వేసుకోమని చెప్పారు.

9 మార్చి, గురువారం, ఉదయం 4.40

గార్డు డబ్బాల వెనక నుంచి నిన్ననే తెచ్చాను. పేపర్లో చుట్టాను. బరువుగా ఉంది.

అదే రోజు, సాయంత్రం

వాసు వ్యాన్ నడిపాడు. ముందు సీట్లో మహీధర్ గారు. వెనక నేను, అమీర్ జాన్. నా ఒళ్ళో పేపరు చుట్ట చూసి టిఫినా అని అడిగారు మహీధర్ గారు. కాదండి అన్నాను. ఇంకేమీ అడగలేదు.

ఆఫీసులో అధికారి అరబ్బీలో అడుగుతాడు, ఒకతను ఉర్దూలో చెబుతాడు. రిజిస్టర్ నీదేనా అన్నారు. నాదే అన్నాను. గార్డు విరిగి స్టోర్‌కి వచ్చినట్టు ఇందులో ఉందా అన్నారు. లేదు అన్నాను. మహీధర్ గారు తలాడించారు.

రావడం మాత్రం వచ్చింది అన్నాను.

పేపరు విప్పి బల్ల మీద పెట్టాను. తేదీ చూపించాను. నేను వేసిన తేదీ, ప్రమాదానికి పదిహేను రోజుల ముందుది. ఇది కాపీ పుస్తకం, అసలుది నా దగ్గర లేదు, ఆ లైను వదిలి రాసింది నేను, తాళం ఇచ్చింది నేను అన్నాను. నాకు తెలిసి నా జీవితంలో ఒక గదిలో అంతసేపు నేనొక్కణ్ణే మాట్లాడటం అదే మొదలు. ఉర్దూ అతను రెండుసార్లు నెమ్మదిగా చెప్పమన్నాడు.

అసలు పుస్తకం ఎవరి దగ్గరుంది అని అధికారి అడిగాడు. నేను మహీధర్ గారి వైపు చూశాను. ఆయన గార్డు వైపు చూస్తున్నారు. నా ఇంట్లో ఉంది అన్నారు. ఇంగ్లీషులో, చిన్నగా. పారేయలేదు ఆయన కూడా. ఎందుకో నాకు తెలుసు.

గార్డు వాళ్ళు ఉంచుకున్నారు. అమీర్ జాన్ కాగితం మీద, చెల్లదని, పెద్ద గీత కొట్టి సీలు వేశారు.

వచ్చేటప్పుడు మహీధర్ గారు టాక్సీలో వెళ్ళిపోయారు. క్యాంపు గేటు దగ్గర వాసు ఇంజన్ ఆపి, బాబాయ్, ఆకలేత్తందా అన్నాడు. ఆకలేసింది.

12 మార్చి, ఆదివారం

స్టోర్ తాళాలు తీసుకున్నారు. లోడింగ్‌లో వేశారు. ఆగస్టులో వీసా అయిపోతుంది, మళ్ళీ వేయరు. మహీధర్ గారు సెలవులో ఉన్నారు. ఎన్నాళ్ళో ఎవరూ చెప్పడం లేదు. సుభద్ర గారు ఒకసారి ఫోన్ చేశారు. ఏడ్చి పెట్టేశారు.

24 మార్చి, శుక్రవారం

నూట డెబ్బై ఆరు. అన్నీ పిడివైపుకి.

కింద కూర్చుని, పాదం ఆనించి, మూడు వేళ్ళతో లాగాడు. కోసింది. పొట్టు అతని ఒళ్ళో పడింది. గీత మాత్రం పక్కకి పోయింది. నేను రంపం వైపు చూశాను. రంపం సరిగానే ఉంది మున్షీ, చెయ్యి నేర్చుకోవాలి అన్నాడు.

ఇంకో పలక లాక్కున్నాడు. నేను రెండో కొస పట్టుకున్నాను. మధ్యాహ్నం నమాజు దాకా కోశాడు. తొమ్మిదో గీత తిన్నగా వచ్చింది.

రూమ్‌కొచ్చి ఈ నోట్‌బుక్ మొదటి నుంచి చదివాను. అన్ని తేదీలూ ఉన్నాయి. ఒకటి లేదు.

26 నవంబర్ 2005, శనివారం

వచ్చినది: టేబుల్ రంపం గార్డు, 1. విరిగినది.
తెచ్చినవారు: అమీర్ జాన్.
పుచ్చుకున్నవారు: వీరవెంకటసత్యనారాయణ.
కొత్తది వచ్చేవరకు మెషీన్ తాళం ఎవరికీ ఇవ్వకూడదు.